మోడెం మోగుతుండగా మరో ప్రోగ్రాము

జమ్మలమడుగు,
సోమవారం.

లెక్కలు తప్ప మనుషులు అర్థంకాని హెప్సిబా టీచరు గారికి,

రిటైరైన సైన్సు మాస్టరు రాజశేఖర్ వందనాలతో రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నిజానికి నిన్న మధ్యాహ్నం నుంచి నాకు సంగటి కూడా గొంతు దిగడం లేదు. మీరు మాత్రం క్షేమంగానే ఉండి ఉంటారు. ఎదుటివాడు మనసు విప్పుతుంటే పక్కన ఇంకో పని చేసుకునేవాళ్ళకు జబ్బులు రావు.

టీచరు గారూ, బడులకు కంప్యూటర్లు వచ్చిన తొలి రోజుల్లో మనిద్దరం కడపలో ఒకే బెంచీ మీద ట్రైనింగు అయినవాళ్ళం. ఆ కంప్యూటర్లకు కాలం చెల్లి వేలానికి వస్తే, నవ్వేవాళ్ళ మధ్య నిలబడి తలా ఒకటి పాడుకున్నవాళ్ళం. మీది ప్రొద్దుటూరులో, నాది ఇక్కడ, రెండూ పాత టీవీలకు తగిలించుకుని, బెంగుళూరు ఎస్పీ రోడ్డులో తుక్కు కింద దొరికిన మోడెములు బిగించుకుని, ఇంకా ఊపిరి ఉన్న ల్యాండ్‌లైన్ల మీద ప్రతి ఆదివారం భోజనాలయ్యాక మాట్లాడుకుంటున్నాం. "సెల్లులో మాట్లాడుకోవచ్చు గదా నాయనా" అని పులివెందులలో టీచరుగా ఉన్న మా అమ్మాయి రత్నమణి ఎన్నిసార్లు అడిగిందో! సెల్లులో ఈ రోజుల్లో ముఖం కనిపిస్తుంది. ముఖం కనిపిస్తే నేను ఏమీ చెప్పలేను. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొట్టడంలో నాకు ఒక ధైర్యం ఉంది.

ఆ ధైర్యంతోనే నిన్న మిమ్మల్ని ఒక మాట అడిగాను. ఏళ్ళ తరబడి గొంతులో పెట్టుకున్న మాట. ఏమిటో మళ్ళీ రాయడానికి చెయ్యి రాదు. అది పంపి తెర వైపు చూస్తూ కూర్చున్నాను. నా గుండె మోడెం కంటే గట్టిగా కూసింది. చాలాసేపటికి మీ జవాబు వచ్చింది:

"ఆ పని నావల్ల కాదు. చాంద్‌బీని అడగండి. చెయ్యి శుభ్రం. రెండు పూటలా వస్తుంది."

చాంద్‌బీని అడగాలా! టీచరు గారూ, నేను అడిగిన మాట చాంద్‌బీని అడిగితే ఆమె మొగుడు నయీం ఊరుకుంటాడా? మటన్ కొట్టులో అతని కత్తి మీరు చూడలేదేమో, నేను ప్రతి ఆదివారం చూస్తున్నాను.

ఈ రోజు పొద్దున మీ తమ్ముడు తిమోతి పని మీద ఈ ఊరికి వచ్చి, అసలు సంగతి బయటపెట్టాడు. "మా అక్క మీతో మాట్లాడేటప్పుడు ఊరికే కూర్చుంటుందనుకుంటాండారా సార్? లైను అట్లే పెట్టి, సండేస్కూలు పరీక్షకు ప్రశ్నలు తయారుచేసే ప్రోగ్రాము నడుపుతాంటుంది. మీరు ఆడ కొడతానే ఉంటారు, ఆయమ్మ ఈడ బైబిల్లో నోవహు కొడుకుల పేర్లు అడుగుతా ఉంటుంది" అన్నాడు.

ఇన్ని ఆదివారాలు నేను నోవహు కొడుకుల పక్కన నిలబడి మాట్లాడానన్నమాట. ఇక నుంచి మీకు కాగితం మీదే రాస్తాను. కాగితం చదువుతూ పక్కన ఇంకో ప్రోగ్రాము నడపడం మీవల్ల కూడా కాదు.

చిన్నబోయిన
రాజశేఖర్

తా.క. మా బడిలో పిల్లలు పాఠం మధ్యలో ఇంకో పుస్తకం చదివితే బెంచీ ఎక్కించేవాణ్ణి. మీ ఇంట్లో బెంచీ ఉందా?


ప్రొద్దుటూరు,
గురువారం.

గుండె మోడెం కంటే గట్టిగా కూసే రాజశేఖర్ సారుకు,

మీ ఉత్తరం అందింది. చదువుతూ చిక్కుడుకాయలు ఒలిచాను, పప్పు ఎసట్లో వేశాను, తిమోతిని రెండుసార్లు తిట్టాను. కాగితం పక్కన కూడా ప్రోగ్రాములు బాగానే నడుస్తాయి.

మీరు సైన్సు మాస్టరు అని ఇన్నాళ్ళూ గౌరవించాను. మోడెం గురించి మీకు తెలిసింది సున్నా అని ఇప్పుడు అర్థమైంది. విద్యార్థికి చెప్పినట్టు చెబుతాను, వినండి. మోడెం ఫోనుకు అంటుకుని ఉంటుంది. మనం ఫోను పెట్టేసేదాకా అది అవతలి మోడెంతో తన కూత తాను కూస్తూనే ఉంటుంది. దానికి మన కంప్యూటరులో ఏ ప్రోగ్రాము నడుస్తుందో అనవసరం. మాట్లాడే ప్రోగ్రాములోంచి ఎస్కేప్ నొక్కి బయటికి రావచ్చు, బేసిక్ భాషలో ఏ పని కావాలంటే ఆ పని చేసుకోవచ్చు, మళ్ళీ వెనక్కి వెళితే లైను అక్కడే ఉంటుంది. ఇది తప్పు కాదు, తెలివి.

నేను ఎందుకు బయటికి వెళతానో కూడా వినండి. మీరు "హెప్సిబా టీచరు గారికి" అని కొట్టి ముగించేలోగా మా వీధిలో బట్టలు ఆరిపోతాయి. నేను తెర ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవాలా? సండేస్కూలు పిల్లలకు పరీక్ష ఎవరు పెడతారు, మీరా?

అయితే ఒక్క ఇబ్బంది ఉంది, ఒప్పుకుంటాను. నేను పక్క ప్రోగ్రాములో ఉన్నంతసేపూ మీరు కొట్టిన అక్షరాలను కంప్యూటరు ఒక చిన్న జేబులో వేసుకుంటుంది. జేబు నిండాక వచ్చినవి నేల పాలు. మామూలు మనుషులు మాట్లాడేది ఆ జేబులో పడుతుంది. మీరు ముందుమాట లేకుండా మంచినీళ్ళు కూడా అడగరు. మొన్న ఆదివారం నా జేబులోకి వచ్చిన మీ మనసు ఇది. మీ స్పెల్లింగులు సరిదిద్ది రాస్తున్నాను:

"హెప్సిబా టీచరు గారికి వందనాలు. ఈ రోజు ఎండ ఎక్కువగా ఉన్నది. పెన్నలో నీళ్ళు లేవు. గండికోటకు జనం మాత్రం కార్లలో వస్తూనే ఉన్నారు. చాలాకాలంగా ఒక విషయం అడగాలని. మా ఇంట్లో వంట చేసే మనిషి లేదు. కాబట్టి మీరు మా ఇంటికి వచ్చి"

అంతే. అక్కడ జేబు నిండింది.

దీన్ని ఎవరైనా ఏమని అర్థం చేసుకోవాలి? ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని పట్టుకుని, ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి వచ్చి మీకు సంగటి కెలకమంటారా? అప్పటికీ మర్యాద తప్పలేదు. చాంద్‌బీ పేరు చెప్పాను. మీ ఊళ్ళో వంటకు ఆమె పేరు చెప్పని ఇల్లు లేదట.

ఇంకేదో అడిగానంటున్నారు. నాకు అందింది ఎండ, పెన్న, గండికోట, వంట. ఇంకేదైనా ఉంటే రాయండి. ముందుమాట వద్దు.

ఇట్లు,
జేబు చిన్నదైన
హెప్సిబా

తా.క. తెలుగులో అసలు మాట వాక్యం చివర వస్తుంది. అవునో కాదో కూడా చివరే తేలుతుంది. ఈ భాషలో మాట్లాడేవాడు మొదట్లో ఎండ గురించి చెప్పకూడదు.

ఇంకో తా.క. మా ఇంట్లో బెంచీ ఉంది. తిమోతి దాని మీద నిద్రపోతున్నాడు.


జమ్మలమడుగు,
సోమవారం.

ఎండ గురించి వినడానికి ఇష్టపడని టీచరు గారికి,

ముందుమాట లేకుండా రాస్తున్నాను. ఇదే ముందుమాట అంటారేమో, అనండి.

మీ జేబు నింపి మిగతాది నేల పాలు చేసిన ఆ యంత్రాన్ని ఏమనాలో నాకు తెలియడం లేదు. నేను కొట్టిన పూర్తి వాక్యం ఇది:

"మా ఇంట్లో వంట చేసే మనిషి లేదు. కాబట్టి మీరు మా ఇంటికి వచ్చి వంట చేయాలని నేను అడుగుతున్నానని మాత్రం అనుకోకండి. వంట నాకు వచ్చు. నాకు కావలసింది తోడు. మనం పెళ్ళి చేసుకుందామా?"

ఇదీ నేను అడిగింది. దీనికి మీరు చాంద్‌బీని సిఫారసు చేశారు.

హెప్సిబా గారూ, రత్నమణి వాళ్ళమ్మ పోయి చాలా కాలమైంది. ఇంట్లో గడియారం చప్పుడు వినిపించేంత నిశ్శబ్దంగా ఉంటుంది. నేను గొప్పవాణ్ణి కాను. మోకాళ్ళు రెండూ ఒకేరోజు సహకరించవు. బీపీ ఉంది. కానీ ఆదివారం మధ్యాహ్నం ఆ మోడెం కూత వినపడితే, వారమంతా దానికోసమే బతికినట్టు ఉంటుంది. మీరు తిట్టినా సరే, తిట్టు పూర్తిగా వచ్చేదాకా తెర ముందు కూర్చునే మనిషిని నేను. ఈ వయసులో ఇదేం కోరిక అని జనం నవ్వితే నవ్వనీయండి. నాకు భయమంతా రత్నమణితోనే. దానికి ఇంకా చెప్పలేదు. ఏమంటుందో అని తలుచుకుంటే పులివెందుల బస్సు చూసినా చెమట పడుతోంది.

ఈ ఉత్తరం నా చేతివ్రాత. కింద సంతకం ఉంది. మోడెంలో కొట్టింది కరెంటు పోతే పోతుంది, ఇది పోదు. మీరు అవునన్నా కాదన్నా మర్యాదగా స్వీకరిస్తాను. వచ్చే ఆదివారం మామూలు వేళకు లైను కలుపుతాను. ఒక్క మాట చెప్పండి. దయచేసి ఆ ఒక్క పూట నోవహు కొడుకులను బయట పెట్టండి.

మీ జవాబు కోసం ఆశగా,
కె. రాజశేఖర్

తా.క. మీరు చెప్పిన తెలివి నేనూ నేర్చుకున్నాను. ఎస్కేప్ నొక్కాను, బయటికి వచ్చాను, లైను తెగలేదు! మీ జవాబు వచ్చేదాకా ఊరికే కూర్చుంటే బీపీ పెరుగుతుంది కాబట్టి, ఎప్పుడో నేను రాసుకున్న ఆట ఒకటి పక్కన నడుపుకుంటాను. మీ మాట మాత్రం తప్పిపోకుండా ఏర్పాటు చేస్తున్నాను. సైన్సు మాస్టరును తక్కువ అంచనా వేయకండి.


ప్రొద్దుటూరు,
ఆదివారం సాయంత్రం.

సైన్సు మాస్టరుకు,

"గారు" పెట్టలేదని గమనించండి. కావాలనే పెట్టలేదు.

ఈ మధ్యాహ్నం నేను ఏ ప్రోగ్రామూ నడపలేదు. పిల్లల పరీక్ష పక్కన పెట్టాను. తిమోతిని బయటికి తరిమాను. తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని మోడెం ముందు కూర్చున్నాను. మోడెములో చీర కనపడదని నాకు తెలుసు, మీరు చెప్పనక్కర్లేదు. మీ ఉత్తరం చదివాక మనసు కొంచెం మెత్తబడిందని కూడా దాచను. ఒక షరతు చెప్పి, ఆ తర్వాత జవాబు చెబుదామని వచ్చాను. అటు నుంచి నాకు జరిగిన సన్మానం మొత్తం రాసుకున్నాను. వినండి.

నేను: "రాజశేఖర్ సార్, ఉన్నారా?"

మీరు: "నువ్వు చీకటి గుహలో ఉన్నావు. ఎదురుగా రాక్షసి నిలబడి ఉంది. ఏం చేస్తావు?"

నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. రాక్షసి అనే ఉంది.

నేను: "ఎవరిని రాక్షసి అంటున్నారు?"

మీరు: "ఆ మాట నాకు తెలియదు. సరిగ్గా చెప్పు."

సరిగ్గా చెప్పు! నాకు! జీవితమంతా ఆ మాట నేను ఇతరులతో అన్నాను. నాతో అన్న మొదటి మనిషి మీరు.

నేను: "మర్యాదగా మాట్లాడండి."

మీరు: "రాక్షసి నీ వైపు చూసి పళ్ళు కొరికింది."

ఆ క్షణంలో నేను నిజంగానే పళ్ళు కొరుకుతున్నాను. అది మీకు ఎట్లా తెలిసిందో ఆ దేవునికే తెలియాలి.

నేను: "నేను ఒక షరతు గురించి మాట్లాడాలని వచ్చాను."

మీరు: "చిన్న చిన్న మాటలు వాడు."

పెన్నలో నీళ్ళ గురించి పురాణం చెప్పే మనిషి నన్ను చిన్న మాటలు వాడమన్నాడు!

నేను: "మీకు బుద్ధి ఉందా?"

మీరు: "ఇక్కడ అలాంటిది ఏమీ కనిపించడం లేదు."

ఇది ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను.

నేను: "ఫోను పెట్టేస్తాను."

మీరు: "పెట్టడానికి నీ చేతిలో ఏమీ లేదు."

నేను: "ఛీ."

మీరు: "రాక్షసి నిన్ను మింగేసింది. మళ్ళీ ఆడతావా? అవును, కాదు, రెండింట్లో ఒకటి చెప్పు."

నేను "కాదు" అని కొట్టాను. అందుకు మీ ఆఖరి మాట: "సరే. నీకు ధైర్యం తక్కువ."

నాకు ధైర్యం తక్కువా! బాంబుల మోత మధ్య ఎలక్షన్ డ్యూటీకి వెళ్ళి, ఓట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చినదాన్ని నేను.

తిమోతి అప్పుడే తిరిగొచ్చి తెర చూశాడు. "ఇదంతా ఆటక్కా! నువ్వు ఇంతసేపూ ఆటతో కొట్లాడతాండావు! సారు ఆడ లేనే లేడు" అని నేల మీద పడి నవ్వాడు. అంటే నేను జీవితంలో మొదటిసారి మిగతా పనులన్నీ పక్కన పెట్టి కూర్చుంటే, మీరు కుర్చీలోనే లేరు. మీ బదులు ఒక గుహను కూర్చోబెట్టి వెళ్ళారు.

ఎక్కడికి వెళ్ళారు? జవాబు రాయండి. చిన్న చిన్న మాటలు వాడండి.

రాక్షసి
(ఎం. హెప్సిబా, రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్)

తా.క. మీ ఆటలో 'గుహ'కు ఒత్తు ఎందుకు పెట్టారు? ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఒత్తు తప్పు పెట్టగల మనిషిని మొదటిసారి చూస్తున్నాను.


జమ్మలమడుగు,
సోమవారం.

హెప్సిబా టీచరు గారికి,

మీ ఉత్తరం రావడానికి ముందు నేను పడ్డది మీకు తెలియాలి.

ఆ ఆదివారం నేను వంటింట్లో ఉన్నాను. వంట నాకు వచ్చని రాశాను కదా, మీరు సరేనంటే మొట్టమొదటి పూట ఏం వండాలా అని ఆలోచిస్తూ, చేతులు ఊరుకోక ఊరిబిండి పచ్చడి నూరుతున్నాను. తెర ముందు కూర్చోవడానికి ధైర్యం చాలలేదు, ఇదీ నిజం. మీ మాట వస్తే ఆటలో ఉన్నా కనపడాలని లైనును ఆటకు కూడా కలిపి వచ్చాను. అక్కడే తప్పింది. మీరు కొట్టింది ఆటకు పోయింది. ఆట చెప్పింది మీకు పోయింది. మధ్యలో నేను వంటింటికి పోయాను.

చేతులు కడుక్కుని వచ్చేసరికి పైన జరిగిన యుద్ధమంతా తెర దాటి పైకి జరిగిపోయింది. అడుగున మిగిలింది రెండే వరుసలు: "కాదు." "సరే. నీకు ధైర్యం తక్కువ." ఆ రెండో వాక్యం ఎప్పుడో నేనే రాసిందని నాకు గుర్తే రాలేదు. అంత నిజంగా అనిపించింది. మీరు కాదన్నారు, పైగా నా గురించి సరిగ్గానే చెప్పారు అనుకున్నాను. మోడెం తీగ పీకేశాను. వారమంతా మా వీధిలో కోడి కూసినా నన్నే తిట్టినట్టుంది.

తర్వాత మీ ఉత్తరం వచ్చింది. టీచరు గారూ, ఆ రాక్షసి మీరు కాదు. ఒకసారి మా బడికి తనిఖీకి వచ్చి, ల్యాబులో కప్ప ఎందుకు నవ్వుతోందని అడిగిన ఆఫీసరమ్మ మీద కోపంతో రాసుకున్నాను. ఇంతవరకు తప్పు నాది. క్షమించమని అడుగుతున్నాను.

కానీ ఇక్కడితో నా తప్పులు ముగిశాయి. మీవి మొదలయ్యాయి.

నిన్న చర్చికి వెళ్ళాను. ఎప్పటిలాగే అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టాక, చప్పుడు కాకుండా వెనక వరుసలో కూర్చున్నాను. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. ఆడవాళ్ళ వైపు నుంచి గుసగుసలు. అయ్యగారు కూడా ప్రసంగం మధ్యలో నన్ను చూసి, ఏడవ వచనం రెండుసార్లు చదివారు. బయటికి వస్తే ఒకాయన చెయ్యి పట్టుకుని ఊపి ఊపి, "ఇంగ దొరికిపోయినావు లే అప్పా! యాడికీ పారిపోలేవు!" అన్నాడు. ఇంకో ముసలామె నా తల మీద చెయ్యి పెట్టి, "శానా మంచిదయ్యా, భయపడాకు, అందురూ అయిపోతారు ఇట్లే" అంది.

పారిపోలేవు. భయపడాకు. ఇవన్నీ గుహలో రాక్షసికి చిక్కినవాడితో అనే మాటలు! రాక్షసి సంగతి జమ్మలమడుగు సంఘం దాకా మోసింది ఎవరు? నాకూ మీకూ మధ్య జరిగింది మూడో మనిషికి తెలియాలంటే మీరో మీ తమ్ముడో చెప్పాలి. పెళ్ళి చేసుకుందామా అని నేను నిన్ను సంతకం పెట్టి అడిగాను. మీరు నన్ను ఊరు నవ్వే బొమ్మను చేశారు. లెక్కలు చెప్పినవాళ్ళకు గుండె ఉండదని మా నాన్న అనేవాడు, నేను నమ్మలేదు.

మీకు రాసే ఆఖరి ఉత్తరం ఇదే కావచ్చు.

రాజశేఖర్

తా.క. పైన కోపంలో "నిన్ను" అని పడింది. "మిమ్మల్ని" అని చదువుకోగలరు.

ఇంకో తా.క. ఊరిబిండి బాగా కుదిరింది. ఎవరూ తినలేదు.


ప్రొద్దుటూరు,
శుక్రవారం.

"నిన్ను" అని రాసి కొట్టేయడానికి కూడా ధైర్యం చాలని రాజశేఖర్ సారుకు,

ఇంత తెలివితక్కువ మనిషిని నేను నా సర్వీసులో చూడలేదు. ఏడో తరగతి ఆఖరి బెంచీలో కూడా చూడలేదు.

జమ్మలమడుగు సంఘంలో ఎవరికీ రాక్షసి సంగతి తెలియదు. మీరు ఇలాగే తెల్లమొహం వేసుకుని ఊరంతా తిరిగి "నేను రాక్షసి అనలేదు" అని చెప్పుకుంటే అప్పుడు తెలుస్తుంది. వాళ్ళు నవ్వింది అందుకు కాదు. ఆ పొద్దున మీరు రాకముందు, ప్రసంగానికి ముందు, మీ అయ్యగారు ప్రకటనల్లో ఒకటి చదివారు. ప్రొద్దుటూరు సంఘపు హెప్సిబాకూ, జమ్మలమడుగు సంఘపు రాజశేఖరుకూ పెళ్ళి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయండి అని. మా చర్చిలో అంతకు ముందు ఆదివారమే చదివారు. ఊరందరికీ తెలిసింది, పెళ్ళికొడుక్కి తప్ప.

కుర్చీ పట్టుకోండి. బీపీ మాత్ర వేసుకోండి. మిగతాది వినండి.

మీరు సంతకం పెట్టిన ఉత్తరం వచ్చిన మర్నాడే దాన్ని మా అయ్యగారి చేతిలో పెట్టాను. ఆయన చదివి, "సారు గట్టిగానే అడిగినాడు గదమ్మా, నువ్వేమంటాండావు?" అన్నారు. "నేను అవునంటాండా అయ్యగారూ, కానీ ఆయనకు నేనే చెప్తా, మీరు ప్రకటన చదవండి" అన్నాను. అక్కణ్ణుంచి నేరుగా ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. ఆ బస్సు చూస్తే మీకు చెమట పట్టింది కదా. నాకూ పట్టింది. కిటికీ పక్కన సీటు దొరికినా పట్టింది. అమ్మ చోట్లోకి వస్తున్నానని ఆ పిల్ల తలుపు దగ్గరే ఆపేస్తే ఏ ముఖం పెట్టుకుని తిరిగి రావాలా అని దారంతా లెక్కలు వేసుకున్నాను. ఏ లెక్కా తెగలేదు.

రత్నమణి తలుపు తీసి, నన్ను చూసి, బ్యాగు అందుకుంది. నేను గుమ్మంలో నిలబడే చెప్పేశాను, ముందుమాట లేకుండా. ఆ పిల్ల నన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మా నాయన మీతో మాట్లాడిన ఆదివారం రాత్రి నాకు ఫోను చేస్తాడు టీచర్. ఆ ఒక్క పూటే ఆయన గొంతు బతికినట్టుంటుంది. నేనే మిమ్మల్ని అడగాలని ఎన్నిసార్లో అనుకున్యా. అడిగితే మీరు తిడతారేమోనని ఊరుకున్యా" అంది. తిట్టేదాన్నే, నిజమే. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని కాఫీ తాగి, మీ గురించి మాట్లాడుకుని, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. మీకు చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను.

మరి ఆ మధ్యాహ్నం రాక్షసి అనిపించుకున్నాక ప్రకటన ఎందుకు ఆపలేదు అంటారేమో. ఆపుదామనే లేచాను. చెప్పులు కూడా వేసుకున్నాను. గేటు దగ్గర ఆగాను. కోపం ఒక ప్రోగ్రాము, పెళ్ళి ఒక ప్రోగ్రాము. ఒకటి నడుస్తోందని రెండోదాని లైను తెంచుకోవడం బుద్ధి తక్కువ. ఇంట్లోకి వచ్చి, చెప్పులు విడిచి, మిమ్మల్ని కడిగేస్తూ ఆ ఉత్తరం రాశాను. అది పోస్టులో వేసి, అటు నుంచి అటే చీరల కొట్టుకు వెళ్ళాను. మీతో పోట్లాడుతున్నంతసేపూ పక్కన పెళ్ళి పనులు నడుస్తూనే ఉన్నాయి. మీరు ఏడ్చింది మాత్రం వృథా.

ఇక నా షరతు. ఆ గుహ వల్ల చెప్పలేకపోయాను. నేను జమ్మలమడుగు రాను. నా సండేస్కూలు ఇక్కడుంది, నా వేపచెట్టు ఇక్కడుంది, నా నీళ్ళ పంపు సమయం నాకు తెలుసు. మీరే రావాలి. ఈ వయసులో ఇల్లరికమా అని మీ ఊరు నవ్వుతుంది. నవ్వనీయండి అని మీరే రాశారు. వచ్చేటప్పుడు రోలు తెచ్చుకోండి, మా రోలుకు పగులుంది. నాకు ఊరిబిండి ఇష్టమని ఎవరికీ తెలియదు.

మూడు పూటలా తిడతాను. అది కూడా షరతుల్లోనే రాసుకోండి.

నువ్వు ఎప్పుడొస్తావా అని ఎదురుచూస్తూ,
(ఇది కోపంలో పడింది కాదు, సరిదిద్దుకోవద్దు)
హెప్సిబా

తా.క. మీ చర్చిలో ఆఖరి ప్రకటన వచ్చే ఆదివారం చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు అప్పుడే లేచి చెప్పాలి, తర్వాత చెల్లదు. మీకు గనక ఏమైనా ఉంటే, జీవితంలో ఒక్కసారి ప్రసంగానికి ముందు రండి.